హాప్కిన్స్ వెళితే భోజనం బసలో చేయకండి

మధ్య అమెరికాలోని బెలీజ్ దేశపు తీరంలో, ఆఫ్రికన్లకూ కరీబియన్ మూలవాసులకూ పుట్టిన సంతతి అయిన గరిఫునా ప్రజల ఊరు హాప్కిన్స్. అక్కడ మేము దిగిన బస గురించి ముందు చెప్పాలి. గది అద్దె రోజుకు 120 అన్నారు. బెలీజ్ డాలర్లేనా అని ఫోనులో అడిగితే అవునన్నారు. ఖాళీ చేసే రోజు బిల్లులో అవే అమెరికన్ డాలర్లయ్యాయి, అంటే సరిగ్గా రెట్టింపు! ఇదేమిటని నిలదీస్తే మేనేజరు తల కూడా ఎత్తకుండా "అందరికీ అంతే" అన్నాడు. ముందురోజు రాత్రి గరిఫునా సాంస్కృతిక విందు పేరుతో మనిషికి మరో 35 గుంజారు. స్పీకర్లలో డప్పుల మోత, చల్లారిన కోడి వేపుడు, అంతే. గరిఫునా భాషనూ ఆటపాటలనూ యునెస్కో 2001లో గుర్తించిందని వాళ్ల ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఉంది. వడ్డించినవాళ్లలో ఒక్కరికీ ఆ భాష రాదు. మా ఆవిడ ఆ ఉదయమంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆవిడ కోపం చల్లార్చింది ఊళ్లో ఒక రేకుల వంటశాల. నడుమెత్తు చెక్క రోట్లో ఉడికించిన అరటికాయలు వేసి పెద్దావిడ దంచుతుంటే చూస్తూ నిలబడిపోయాం. ఆ ముద్దే హుదుత్. సంగటిలా తుంచుకుని, కొబ్బరిపాలలో ఉడికిన చేపతో తినాలి. 25 బెలీజ్ డాలర్లకు కడుపు నిండిపోయింది.

ఆ పెద్దావిడ తన మనవరాలిని గరిఫునాలో పిలుస్తుంటే పిల్ల క్రియోల్‌లో, అంటే ఇంగ్లీషు నుంచి పుట్టిన అక్కడి వాడుక భాషలో, బదులిచ్చేది. గరిఫునా దక్షిణ అమెరికా అరవాక్ కుటుంబానికి చెందిన భాష. 1797లో బ్రిటిష్‌వారు ఈ ప్రజలను కరీబియన్‌లోని సెయింట్ విన్సెంట్ దీవి నుంచి ఓడలకెక్కించి హోండురాస్ తీరంలోని రోవటాన్ దీవిలో దింపేసినా భాష చావలేదు. ఇప్పుడు ఇంట్లోనే జారిపోతోందంటే నాకు మనసు చివుక్కుమంది.

డాంగ్రిగా పట్టణంలో గరిఫునాల చరిత్ర చెప్పే గులిసి మ్యూజియం తప్పక చూడండి. అదే పేరుతో ఉన్న బడిలో పిల్లలకు ఇంగ్లీషు, స్పానిష్‌తోపాటు గరిఫునా కూడా నేర్పుతున్నారు. ఆ సంగతి విన్నాక కాస్త ఊరట కలిగింది.

మా బావగారు శాకాహారి. ఆయనను ఆదుకున్నది ఎరెబా అనే కర్రపెండలం రొట్టె. చేదు రకం దుంపలో విషం ఉంటుంది. అందుకే తురిమి, రుగుమా అనే పొడవాటి అల్లిక గొట్టంలో కూరి వేలాడదీసి, కింది కొసను బరువుతో లాగుతారు. రసమంతా కారిపోయాక పిండిని జల్లించి పెనం మీద కాలుస్తారు. పలచగా, కరకరలాడుతూ ఉంటుంది. తడి తగలకపోతే నెలల తరబడి పాడవదు కాబట్టి రెండు పొట్లాలు ఎక్కువే కొనుక్కోండి.