అమీర్‌పేట్ టైమ్ మేనేజ్‌మెంట్ క్లాసు: 1,770 రూపాయలకు ఏమొచ్చింది, ఏం రాలేదు

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడు స్టార్లు. పొద్దున సెషన్‌కి ఒకటి ఇచ్చినా ఎక్కువే, భోజనాల తర్వాత చేయించిన ప్రాక్టీసుకి మాత్రం ఐదూ ఇచ్చేయొచ్చు, రెండూ కలిపితే మూడుకి వచ్చింది. ఇన్‌స్టిట్యూట్ పేరు రాయడం లేదు. మైత్రీవనం చుట్టుపక్కల ఇలాంటి ఆదివారం క్లాసులు బోలెడు, పోస్టర్లు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి, కాబట్టి మీరు ఎందులో చేరాలనుకున్నా పనికొచ్చేలా రాస్తాను.

ఫీజు 1,500, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 1,770. భోజనం, రెండుసార్లు టీ, ఒక స్పైరల్ బుక్కు అందులోనే. తొమ్మిదిన్నరకి అన్నారు, తొమ్మిదిన్నరకే మొదలుపెట్టారు, ఈ ఊళ్ళో అది మెచ్చుకోవాల్సిన సంగతే. వచ్చినవాళ్ళు రకరకాలు: సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పిల్లలు, ఒక బ్యాంకు క్లర్కు, ప్రైవేటు స్కూల్ టీచరు, పెద్ద హాస్పిటల్లో పనిచేసే నర్సు, సొంత మెడికల్ షాపున్న ఒక పెద్దాయన. నేను హెల్త్ ఇన్సూరెన్స్ క్లెయిమ్స్‌లో చేస్తాను. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేట్‌లో రాయదుర్గం రైలు మారి మాదాపూర్ వెళ్ళే బాపతు. అంటే రోజులో నాది అని చెప్పుకోదగ్గ టైమ్ ఏదైనా ఉంటే అది రైల్లో నిలబడే టైమే.

పొద్దునంతా స్లైడ్లు. పొమొడోరో, పనుల్ని ముఖ్యమా కాదా, అర్జెంటా కాదా అని విడదీసే ఐసెన్‌హోవర్ నాలుగు గడులు, పార్కిన్సన్ సూత్రం. ఇవన్నీ యూట్యూబ్‌లో ఫ్రీగా దొరికేవే, దానికి తోడు సగం సగం చెప్పారు. ఐసెన్‌హోవర్ ఆ గడులు గీసుకునే అమెరికాని నడిపాడన్నట్టు మాట్లాడారు క్లాసు చెప్పే మేడమ్. నిజానికి ఆయన 1954లో ఎవాన్‌స్టన్‌లో ఒక ప్రసంగంలో, అర్జెంటువి ముఖ్యమైనవి కావు, ముఖ్యమైనవి ఎప్పుడూ అర్జెంటుగా ఉండవు అనే అర్థం వచ్చే మాట చెప్పాడు, అది కూడా ఒక మాజీ కాలేజీ ప్రెసిడెంటు మాట అని చెప్పి మరీ. గడులు తర్వాత వచ్చినవాళ్ళు గీశారు. సరే, ఎవరు గీస్తేనేం అనుకోండి, అసలు ఇబ్బంది వేరే ఉంది. దేశాధ్యక్షుడికి ఏది అర్జెంటో తనే తేల్చుకునే వీలుంది, నాకు మాత్రం ఏది అర్జెంటో మెయిల్ సబ్జెక్టులో ముందే రాసేసి వస్తుంది. ఒక గడిలో ‘ముఖ్యం కాని అర్జెంటు పనులు వేరేవాళ్ళకి అప్పగించండి’ అని ఉంది. బ్యాంకు క్లర్కు చెయ్యెత్తి “మేడమ్, ఆ వేరేవాళ్ళం మేమే కదా” అన్నాడు. హాలంతా నవ్వింది, మేడమ్ కూడా నవ్వేసి తర్వాతి స్లైడుకి వెళ్ళిపోయారు. అక్కడ ఆగి ఉంటే బాగుండేది.

పార్కిన్సన్ సంగతీ అంతే. ఎంత టైమ్ ఇస్తే పని అంత సాగుతుంది, కాబట్టి డెడ్‌లైన్ దగ్గరగా పెట్టుకోండి అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఆ పెద్దమనిషి 1955లో ఎకనామిస్ట్ పత్రికలో ఆ వ్యాసం రాసినప్పుడు ఎగతాళి చేసింది ఆఫీసుల్ని. 1914కీ 1928కీ మధ్య బ్రిటిష్ నౌకాదళంలో పెద్ద యుద్ధనౌకలు 62 నుంచి 20కి పడిపోతే, ఆ నౌకాదళం వ్యవహారాలు చూసే అడ్మిరల్టీ ఆఫీసులో అధికారులు 2,000 నుంచి 3,569కి పెరిగారని లెక్క తీశాడు. మా దగ్గర ఒకే క్లెయిమ్ స్టేటస్‌ని పోర్టల్‌లో ఒకసారి, టీమ్ ఎక్సెల్ షీటులో ఒకసారి, సాయంత్రం మెయిల్లో ఒకసారి ఎక్కించాలి. నేనెంత దగ్గరగా డెడ్‌లైన్ పెట్టుకున్నా ఆ షీట్లు తగ్గవు కదా. వ్యాసంలో మాకు పనికొచ్చే భాగం అదే, దాన్నే వదిలేశారు.

పొమొడోరో గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను దీన్ని నిజంగా వాడుతున్నాను. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని చదువుకుంటూ మొదలుపెట్టిన పద్ధతి ఇది. 25 నిమిషాలు ఒకటే పని, 5 నిమిషాలు విరామం, అలా నాలుగయ్యాక కాస్త పెద్ద విరామం. మా సెక్షన్‌లో రెండు రకాల పనులుంటాయి. రీఎంబర్స్‌మెంట్ ఫైళ్ళు, అంటే పేషెంటు ముందు తన డబ్బు కట్టేసి తర్వాత బిల్లులు పంపేవి. డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, ల్యాబ్ రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూడాలి, వాటికి ఈ 25 నిమిషాలు దివ్యంగా సరిపోతాయి, మధ్యలో లేస్తే మళ్ళీ మొదటి పేజీ నుంచి చూసుకోవాలి కాబట్టి. రెండోది క్యాష్‌లెస్, అంటే పేషెంటు ముందు కట్టకుండా ఇన్సూరెన్స్ వాళ్ళే నేరుగా హాస్పిటల్‌కి కట్టేది. 2024లో ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం రిక్వెస్ట్ వచ్చిన గంటలోపు ఏదో ఒకటి తేల్చి చెప్పాలి, డిశ్చార్జ్ అప్రూవల్ అయితే మూడు గంటల్లోపు. అవతల పేషెంటు మంచం ఖాళీ చేయడానికి ఎదురుచూస్తుంటే ఇవతల నేను టైమర్ మోగేదాకా ఆగండి అనలేను. క్యూ మీద కూర్చునే పని ఎవరిదైనా, కాల్ సెంటర్ అయినా బ్యాంకు కౌంటర్ అయినా, ఈ పద్ధతిని యథాతథంగా వాడలేరు. క్యూ డ్యూటీ లేని పూట చూసుకుని వాడాలి. నేను క్లాసులో ఇది అడిగితే “డిస్ట్రాక్షన్స్ తగ్గించుకోండి” అన్నారు. మరి చిరిల్లో స్వయంగా దీనికి ఒక దారి చెప్పాడు: మధ్యలో ఎవరైనా వస్తే పనిలో ఉన్నానని చెప్పు, ఎప్పుడు వీలవుతుందో మాట్లాడుకో, ఆ టైమ్ రాసిపెట్టుకో, ఆ టైమ్‌కి నువ్వే ఫోన్ చెయ్యి. పొమొడోరో అంటే టైమర్ యాప్ అనుకునేవాళ్ళకి ఈ నాలుగు మెట్లూ తెలియవు, స్పైరల్ బుక్కులో కూడా లేవు.

ఇక పొద్దున్నే ఐదింటికి లేవడం. దీని మీద పెద్ద ఉపన్యాసమే నడిచింది, ధ్యానం, వ్యాయామం, డైరీ. నర్సు అడిగింది: “మేడమ్, నాకు వారానికోసారి షిఫ్ట్ మారుతుంది. నైట్ చేసి ఎనిమిదింటికి ఇంటికెళ్తే ఐదింటికి లేవడం ఎట్లా?” జవాబు, మనసుంటే మార్గముంటుందని. నాకు ఒళ్ళు మండింది. ఆ హాల్లో ఆడవాళ్ళం చాలామంది ఐదింటికి లేస్తూనే ఉన్నాం, నల్లా వచ్చే టైమ్ అదీ, కుక్కర్ పెట్టే టైమ్ అదీ. ఇంకా ముందు లేవమంటే పడుకోవడం ఎందుకు?

భోజనం బాగుంది. పప్పుచారు, దొండకాయ వేపుడు, గడ్డపెరుగు. తిన్నాక నిద్ర ముంచుకొస్తుందని తెలిసే కాబోలు స్లైడ్లు కట్టేసి ప్రాక్టీసు పెట్టారు, అక్కణ్ణుంచి క్లాసు స్వరూపమే మారిపోయింది.

ఒక పెద్ద కాగితం ఇచ్చారు, అరగంటకో గడి. గడిచిన శుక్రవారం ఏం చేశామో గుర్తు తెచ్చుకుని నింపాలి. నింపాక ఒక్కో గడి పక్కన, ఆ పని చేద్దామని ఎవరు నిర్ణయించారో రాయాలి: నేనా, మేనేజరా, ఇల్లా, ఫోనా. నా పక్కన కూర్చున్న టీచరమ్మ కాగితం చూశాను, బడిలో ఉన్న టైమంతా వరసగా ‘హెచ్.ఎం.’ అని రాసుకుంటూ పోయింది, మధ్యలో లంచ్ గడి దగ్గర పెన్ను ఆపి, కాసేపు ఆలోచించి, అక్కడా హెచ్.ఎం. అనే రాసింది. లంచ్‌లో కరెక్షన్లు చేయిస్తారట. నా కాగితంలో ‘నేను’ అని రాయగలిగిన గడుల్లో రెండు రీఎంబర్స్‌మెంట్ ఫైళ్ళవి, మిగతావి మెట్రోలో ఫోన్ చూసినవి. సమయం ఎక్కడ పోతోందో రాసుకోమని అందరూ చెప్తారు, ఎవరి మాట మీద పోతోందో రాసుకోమనడం నాకు కొత్త.

దాని తర్వాత జంటలుగా కూర్చోబెట్టి ఒకరిని బాసుగా, ఒకరిని ఉద్యోగిగా మాట్లాడమన్నారు. నేను బాసు, బ్యాంకు క్లర్కు ఉద్యోగి. “ఈ స్టేట్‌మెంట్ కొంచెం అర్జెంట్” అన్నాను. అబ్బాయి నోట్లోంచి ఠక్కున “చేసేస్తాను మేడమ్” వచ్చేసింది. మేడమ్ అక్కడే ఆపారు. చేసేస్తాను అంటే బాసుకి ఇప్పుడే అని వినపడుతుంది, మీకేమో వీలైనప్పుడు అని అర్థం, సాయంత్రానికి గొడవ అక్కడే మొదలవుతుంది, ఎప్పటికి ఇస్తారో గంటతో సహా చెప్పండి అన్నారు. మళ్ళీ చేయించారు. ఈసారి అతను “మూడున్నరకి ఇస్తాను మేడమ్, ఇప్పుడే కావాలంటే పొద్దున మీరిచ్చిన లోన్ రెన్యువల్ లిస్టు రేపటికి వెళ్తుంది, ఏది ముందు చేయమంటారు?” అన్నాడు. బాసు కుర్చీలో ఉన్నందుకు చెప్తున్నా, ఆ ప్రశ్నకి కోపం రాదు, ఆలోచించాల్సి వస్తుంది అంతే. కుదరదు అనడం నేర్చుకోండి అని చెప్పేవాళ్ళు చాలామంది, కుదరదు అంటే ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని చోట ఇలా రెండు పనులూ ఆయన ముందే పెట్టి ఎంచుకోమనడం చాలా నయం. ఈ ఒక్క ప్రాక్టీసే నలుగురితో నాలుగు రకాలుగా చేయించారు, కస్టమర్‌తో, పక్క డిపార్ట్‌మెంట్‌తో, “ఒక్క నిమిషం” అంటూ కుర్చీ లాక్కుని కూర్చునే కొలీగ్‌తో కూడా.

ఆఫీసులో దీన్ని వాడుతున్నాను. ఎంఐఎస్ రిపోర్టు, అంటే పైవాళ్ళకి పంపే లెక్కల రిపోర్టు, అడిగినప్పుడు “గంటన్నర పడుతుంది సార్, అంతసేపు క్యాష్‌లెస్ క్యూ ఎవరికి ఇవ్వమంటారు?” అన్నాను. మా సారు ముఖం చిట్లించుకున్నారు, అయినా ఒకరిని కూర్చోబెట్టారు. ప్రతిసారీ ఇలా జరగదు, నెలాఖరులో అయితే అసలు వినరు, రెండూ చెయ్యి అంటారు. కానీ మామూలు రోజుల్లో తేడా తెలుస్తోంది, ముఖ్యంగా ఎప్పటికి ఇస్తానో నేనే ముందు చెప్పడం వల్ల “అయిందా, అయిందా” అనే మెసేజ్‌లు బాగా తగ్గాయి. టైమ్ చెప్పేటప్పుడు మీరనుకున్న దానికి కొంచెం కలుపుకుని చెప్పండి, ఇది క్లాసులో చెప్పిందే.

ఫోన్లు కూడా అక్కడే తీయించి సెట్ చేయించారు. వాట్సాప్ గ్రూపుని ఎనిమిది గంటలు, వారం, ఎప్పటికీ అని మ్యూట్ చేయొచ్చని అందరికీ తెలుసు, చేసేవాళ్ళే తక్కువ, ఎదురుగా నిలబడి చేయిస్తే అందరూ చేశారు. జీమెయిల్లో రాత్రి రాసిన మెయిల్ పొద్దున వెళ్ళేలా షెడ్యూల్ చేయడం చూపించారు, రాత్రి జవాబిస్తే రాత్రే ఇంకో పని వస్తుంది కాబట్టి. చిన్నవే, పనికొచ్చేవి.

లోటు ఎక్కడంటే ఇల్లు. టీచరమ్మ అడిగింది, ఏది ముందు చేయమంటారు అని ఇంట్లో కూడా అడగొచ్చా మేడమ్ అని. “ఫ్యామిలీ సపోర్ట్ తీసుకోండి” అని దాటేశారు. కేంద్రం 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనికి ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు పెడితే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అంటే దాదాపు ఐదు గంటలు, ఆఫీసు ఎనిమిది గంటలూ వేరే. ఉద్యోగులకి టైమ్ గురించి చెప్పే క్లాసులో ఐసెన్‌హోవర్ కంటే ముందు ఈ లెక్క పెట్టాలి కదా. మా ఇంట్లో నేనైతే అడిగేశాను. నల్లా పట్టడం, పిల్లాడి వ్యాను దగ్గరికి వెళ్ళడం ఇప్పుడు మా ఆయన పని. దోసెపిండి ఇంకా నా మీదే ఉంది, చర్చలు నడుస్తున్నాయి.

నాలుగున్నరకి అయిపోతుందన్నారు, అప్పుడు మొదలైంది అసలు అమ్మకం. అడ్వాన్స్‌డ్ కోర్సు, వాట్సాప్ కోచింగ్, ఈరోజే కడితే డిస్కౌంట్. తలుపు దగ్గర ఒకమ్మాయి ఫారాలు పట్టుకుని నిలబడింది. మెడికల్ షాపు పెద్దాయన దగ్గరికి వెళ్ళి “సార్, ఇప్పుడు టోకెన్ అమౌంట్ కట్టినా చాలు” అంది. ఆయన గోడ గడియారం చూసి “ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం అమ్మా, ఈ టైమ్‌లో డబ్బు తియ్యను” అని బ్యాగు భుజానికి తగిలించుకున్నారు. ఆయన వెనకే మేమందరం, రాహుకాలం పట్టించుకునేవాళ్ళూ పట్టించుకోనివాళ్ళూ కలిసి, మెట్లు దిగేశాం. దానికి మాత్రం ఇంకో స్టారు తీసేద్దామా అనిపించింది, మన టైమ్ విలువ గురించి రోజంతా చెప్పి చివర్లో మనల్ని అలా కూర్చోబెట్టడం ఏం బాగుంటుంది.

వెళ్ళాలా వద్దా అంటే, మీకు చెప్పిన పనికల్లా తలూపే అలవాటుంటే వెళ్ళండి. సొంత వ్యాపారమో, టీమ్‌ని నడిపే ఉద్యోగమో అయితే దీంట్లో మీకు పెద్దగా ఏం లేదు. డబ్బు కట్టేముందు ప్రాక్టీసు ఎంతసేపు, స్లైడ్లు ఎంతసేపు అని ఫోన్ చేసి అడగండి, సగం కంటే తక్కువ ప్రాక్టీసు అంటే వదిలేయండి. షిఫ్టుల్లో చేసేవాళ్ళు మీ డ్యూటీ సంగతి ముందే చెప్పి, దానికి ఏమైనా ఉందా అని అడగండి. బండి మీద వెళ్ళొద్దు, సెల్లార్ నిండిపోయి ఉంటుంది, మెట్రో దిగితే నడిచే దూరమే. ఏసీ మరీ చల్లగా పెడతారు, ఒక చున్నీయో స్వెట్టరో దగ్గర పెట్టుకోండి.