వెక్యురోనియమా, అట్రాక్యూరియమా?

హైదరాబాద్‌లో నేను మత్తుమందు ఇచ్చే ఆపరేషన్ థియేటర్లో ఈ రెండు కండరాల సడలింపు మందులూ ఎప్పుడూ ఉంటాయి. వెక్యురోనియం పొడిగా వస్తుంది. స్టెరైల్ నీళ్లు కలిపి వాడతాం. అట్రాక్యూరియం ద్రవం, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. మే నెల ఎండల్లో కరెంటు పోతే నాకు మొదట గుర్తొచ్చేది ఆ ఆంపూల్సే.

అసలు తేడా రోగి ఇంట్లో వేసుకునే మాత్రల దగ్గర తెలుస్తుంది. మూర్ఛకు ఏళ్ల తరబడి ఫెనిటాయిన్ లేదా కార్బమజెపైన్ వాడేవారిలో కాలేయం వెక్యురోనియంను త్వరగా వదిలించుకుంటుంది. కిలోకు 0.1 మిల్లీగ్రాము ఇచ్చి నిశ్చింతగా కూర్చుంటామా, మణికట్టు నరానికి ఇచ్చే నాలుగు చిన్న విద్యుత్ ప్రేరణలకు బొటనవేలు అనుకున్నదానికంటే ముందే నాలుగుసార్లూ కదిలి కూర్చుంటుంది, అంటే మందు ప్రభావం అప్పుడే తగ్గిపోయినట్టే. అట్రాక్యూరియం మీద ఈ ప్రభావం తక్కువ. శరీర ఉష్ణోగ్రత దగ్గర, రక్తంలోని స్వల్ప క్షారగుణానికి అది చాలావరకు తనంతట తానే విరిగిపోతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారికీ అందుకే నేను దాన్నే తీస్తాను.

అలాగని అది సాధువేమీ కాదు. అలర్జీ లక్షణాలు తెచ్చే హిస్టమిన్ అనే రసాయనాన్ని శరీరంలో విడుదల చేసి ఒళ్లు ఎర్రబారేలా, బీపీ పడిపోయేలా చేయగలదు. ఉబ్బసం ఉంటే వెక్యురోనియమే మేలు. పైగా సుగమాడెక్స్ వెక్యురోనియంకు విరుగుడుగా పనిచేస్తుంది, అట్రాక్యూరియంకు పనిచేయదు. దానికి నియోస్టిగ్మినే దిక్కు.

జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్, గర్భిణుల్లో ఫిట్స్ తెచ్చే గుర్రపువాతానికి ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ మాత్రం రెండింటి ప్రభావాన్నీ పెంచుతాయి. సిజేరియన్ కేసు షీటులో మెగ్నీషియం కనబడిందంటే ఏది ఎంచుకున్నా మోతాదు తగ్గిస్తాను, ఆ బొటనవేలి కదలికను చూడకుండా శ్వాస ట్యూబు తీయను.