మెషిన్ గన్ కథ వెతుక్కుంటూ లండన్, లీడ్స్

పాత ఆయుధాల చరిత్ర మీద ఆసక్తి ఉండి లండన్ వెళ్తుంటే, ఒక రోజు లీడ్స్‌కి తీసిపెట్టుకోండి. అక్కడి రాయల్ ఆర్మరీస్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. ఖర్చంతా రైలుదే. లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. టికెట్ ముందుగా తీసుకుంటే బాగా తక్కువలో వస్తుంది, అప్పటికప్పుడు కొంటే మాత్రం ధర చూసి కళ్లు తిరుగుతాయి. స్టేషన్ నుంచి నది పక్కగా నడిచి వెళ్లిపోవచ్చు. ఏ తుపాకులు ప్రదర్శనలో ఉన్నాయో వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి.

లీడ్స్ ఎందుకంటే, మెషిన్ గన్ ఒక్కసారిగా ఊడిపడింది కాదని అక్కడ బాగా అర్థమవుతుంది. 1862లో పేటెంట్ పొందిన గాట్లింగ్ గన్‌కి చాలా బ్యారెళ్లు, ఒక హ్యాండిల్. మనిషి తిప్పినంతసేపే పేలుతుంది. ఫ్రెంచి సైన్యం 25 బ్యారెళ్ల మిత్రాయూజ్‌ను ప్రష్యాతో 1870లో మొదలైన యుద్ధంలో ఫిరంగిలా దూరం నుంచి వాడి, దాని బలాన్ని వృథా చేసుకుంది. మాక్సిమ్ గన్ తయారుచేసిన హైరమ్ మాక్సిమ్ దారి వేరు. తుపాకీ పేలినప్పుడు భుజానికి తగిలే ఎదురుదెబ్బనే ఆయన పనిలో పెట్టాడు. ఆ తోపుడుకి బ్యారెల్ వెనక్కి జరుగుతుంది, ఖాళీ తొడుగు బయటికి వస్తుంది, బెల్టు నుంచి కొత్త తూటా అందుకుంటుంది, స్ప్రింగ్ అన్నిటినీ మళ్లీ ముందుకు నెడుతుంది. ట్రిగ్గర్ నొక్కి ఉంచితే చాలు, నిమిషానికి సుమారు 600 తూటాలు. బ్యారెల్ కాలిపోకుండా చుట్టూ నీళ్ల తొడుగు. అక్కడి ఉద్యోగి ఒకాయన ఈ వరస అంతా నాకు ఓపిగ్గా చెప్పారు. ఎంత అడిగినా విసుక్కోలేదు.

లండన్‌లో మాక్సిమ్ వర్క్‌షాప్ హాటన్ గార్డెన్‌లో ఉండేది. ఇప్పుడది వజ్రాల దుకాణాల వీధి. క్లర్కెన్‌వెల్ రోడ్డు మూల మీది భవనానికి మాక్సిమ్ పేరుతో నీలం ఫలకం ఉంటుంది, చూడడానికి పది నిమిషాలు చాలు. 1898లో సూడాన్‌లోని ఓమ్‌దుర్మాన్‌లో బ్రిటిష్ సైన్యంతో జరిగిన పోరులో ఒక్క ఉదయంలో పదివేల మందికి పైగా నేలకూలడానికి మాక్సిమ్ గన్‌లు ఒక ముఖ్య కారణం. ఆ సంగతి గుర్తొచ్చి, నగలు బేరమాడుతున్న జనం మధ్య నాకు మనసు చివుక్కుమంది.

ఇంపీరియల్ వార్ మ్యూజియం కూడా ఉచితమే. మొదటి ప్రపంచ యుద్ధం గ్యాలరీలో కందకం నమూనా, దాని మీదుగా ట్యాంకు బాగున్నాయి. అయితే సెలవు రోజుల్లో పిల్లల గుంపులతో నిలబడి చదవడం కష్టం. తలుపులు తెరిచే వేళకే వెళ్లండి.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది హైడ్ పార్క్ కార్నర్. అక్కడ మెషిన్ గన్ కోర్ అనే బ్రిటిష్ సైనిక దళం స్మారకం ఉంది. దావీదు విగ్రహం, రెండు పక్కలా కంచు పూత లోపల నిజమైన విక్కర్స్ గన్‌లు. మాక్సిమ్‌నే తేలిక చేసి 1912లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న తుపాకీ అది. ఆ దళంలో దాదాపు 1,70,000 మంది పనిచేస్తే 62,000 మందికి పైగా చనిపోవడమో, గాయపడడమో, గల్లంతవడమో జరిగింది. 'సౌలు వేలమందిని, దావీదు పదివేలమందిని చంపారు' అనే బైబిల్ మాట అక్కడ చెక్కారు. చనిపోయిన కుర్రాళ్లను తలుచుకునే చోట చంపిన లెక్క రాయడం నాకు నచ్చలేదు.

రోడ్డు దాటితే కాన్‌స్టిట్యూషన్ హిల్ దగ్గర మెమోరియల్ గేట్స్, ఒక ఛత్రి (గొడుగు లాంటి కప్పున్న చిన్న మండపం). దాని లోకప్పు మీద, బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ పొందిన మనవాళ్ల పేర్లుంటాయి. తలెత్తి ఖుదాదాద్ ఖాన్ పేరు వెతకండి. 129వ బలూచీ దళం సిపాయి. 1914 అక్టోబర్ 31న బెల్జియంలోని హాలబేక్‌లో, తానూ గాయపడి, తోటి అయిదుగురూ చనిపోయేదాకా మెషిన్ గన్ వదల్లేదు. ఆ పతకం అందుకున్న తొలి భారతీయ సైనికుడు ఆయనే. మన టూర్ ప్యాకేజీలు ఈ పక్కనుంచే బకింగ్‌హామ్ ప్యాలెస్‌కి తీసుకెళ్లిపోతాయి, బస్సు మాత్రం ఆపరు.

బస విషయానికొస్తే, మొదట స్టేషన్ పక్కనే ఒక చిన్న హోటల్ తీసుకున్నాను. లిఫ్ట్ పనిచేయదు, గదిలో పెట్టె తెరవడానికి చోటు లేదు, అద్దె మాత్రం దండిగా ఉంది. తర్వాత ఈస్ట్ హామ్‌కి మారాను. సెంట్రల్ లండన్‌కి ట్యూబ్ (మెట్రో రైలు)లో దూరమే, కానీ ఇడ్లీ, సాంబారు, అన్నం నడిచే దూరంలో దొరుకుతాయి. పెద్దవాళ్లతో వెళ్తే అక్కడే ఉండండి.