స్మార్ట్ రేడియేటర్ వాల్వులు: చలికాలమంతా వాడాక నా రివ్యూ

మాది ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో 1970ల నాటి మూడు బెడ్‌రూముల సెమీ, అంటే ఒక పక్క గోడ పక్కింటితో కలిసి ఉండే ఇల్లు. కుళాయిలకీ, గదుల్లోని రేడియేటర్లకీ నీళ్లు కాచే కాంబీ బాయిలర్, దాన్ని హాలు వేడిని బట్టి వెలిగించి ఆపే థర్మోస్టాట్ కింద హాల్లో ఒకే ఒక్కటి. మా ఆయన పగలంతా పైన చిన్న గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుంటారు. ఆ ఒక్క గది వెచ్చబడాలంటే ఖాళీగా ఉన్న గదులన్నీ కూడా కాగాల్సిందే. గ్యాస్ బిల్లు తడిసి మోపెడవుతోంది. దానికి తోడు సరిగ్గా చలికాలంలోనే మా అత్తయ్య తణుకు నుంచి వస్తున్నారు. ఆవిడ గది రోజంతా వెచ్చగా ఉండాలి, మిగతావి అవసరాన్ని బట్టి. అందుకని ఐదు రేడియేటర్లకు స్మార్ట్ వాల్వులు, అంటే ఏ గదికి ఎంత వేడి కావాలో ఫోన్ యాప్‌లో విడివిడిగా పెట్టుకునేవి, కొన్నాం.

బ్రాండ్ పేరు రాయడం లేదు. మార్కెట్లో దొరికే రకాలు చేసే పని దాదాపు ఒకటే. మేం కొన్నవి ఒక్కో హెడ్ (వాల్వు మీద బిగించే పైభాగం) 50 పౌండ్ల చుట్టుపక్కల, ఇంటర్నెట్‌కి కలిపే హబ్బు ఖర్చు వేరే. కొనేముందు ఒకటి చూసుకోండి: యాప్‌లో కొన్ని సదుపాయాలకు నెలనెలా చందా అడిగే కంపెనీలూ ఉన్నాయి. వాల్వు కొన్నాక దానికి అద్దె కూడా కట్టడం నా వల్ల కాదు.

బిగించడానికి ప్లంబర్ అక్కర్లేదు. రేడియేటర్ పక్కన 1 నుంచి 5 దాకా అంకెలున్న తెల్లటి పాత హెడ్ ఉంటుంది కదా, దాని కింద రింగు తిప్పితే ఊడి వస్తుంది. నీళ్లు కారవు, అసలు వాల్వు కింది ఇత్తడి భాగంలోనే ఉండిపోతుంది. హెడ్ తీయగానే మధ్యలో అగ్గిపుల్లంత సన్నటి పిన్ను కనిపిస్తుంది. అంతా దాని మీదే ఉంది. పిన్ను లోపలికి నొక్కుకుంటే రేడియేటర్‌లోకి వేడినీళ్లు ఆగుతాయి, పైకి లేస్తే వస్తాయి. పాత హెడ్‌లో మైనమో ద్రవమో వేడికి ఉబ్బి ఆ పిన్నును నొక్కుతుంది. కొత్తదాంట్లో బ్యాటరీతో తిరిగే చిన్న మోటారు నొక్కుతుంది, అంతే తేడా. అత్తయ్య గదిలో పిన్ను ఏళ్ల తరబడి కదలక బిగుసుకుపోయింది. స్పానర్ వెనక వైపుతో మెల్లగా నొక్కి వదులుతూ, కాస్త సిలికాన్ స్ప్రే కొడితే లొంగింది. పట్టకారుతో పట్టుకుని మాత్రం లాగకండి. ఊడి చేతికొస్తే కార్పెట్ నిండా నల్లటి నీళ్లే.

పనితనం విషయానికొస్తే, గదికో టైమ్‌టేబుల్ పెట్టుకోవడం నిజంగా బాగుంది. ఆఫీసు గది పనివేళల్లో 20 డిగ్రీలు, ఆ తర్వాత 16. పిల్లల గది బడి నుంచి వచ్చేవేళకి వెచ్చబడుతుంది. తాళింపు పొగ పోవడానికి వంటింటి కిటికీ తీస్తే, చలిగాలి తగిలి టెంపరేచర్ ఠక్కున పడిపోవడం చూసి వాల్వు దానంతటదే మూసుకుంటుంది. ఇది నాకు బాగా నచ్చింది, ఎందుకంటే మా ఇంట్లో కిటికీ మూయడం ఎవరికీ గుర్తుండదు.

నచ్చనివీ ఉన్నాయి. మోటారు రాత్రిపూట గర్రుమంటుంది. తలాపున రేడియేటర్ ఉన్న వాళ్లకి మొదట్లో మెలకువ వస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు కర్టెన్లతో. టెంపరేచర్ కొలిచే సెన్సర్ హెడ్‌లోనే ఉంటుంది. మా పడగ్గది కర్టెన్ నేల దాకా జీరాడుతుంది కాబట్టి దాని వెనక వేడిగాలి చిక్కుకుపోయి, యాప్‌లో 21 చూపిస్తుంటే మంచం దగ్గర దుప్పటి తీయాలంటే భయమేసేది. కర్టెన్ కుట్టించి పొట్టి చేశాక సర్దుకుంది. ఇంకో సంగతి, థర్మోస్టాట్ ఉన్న హాల్లో రేడియేటర్‌కి వీటిని పెట్టకండి. వాల్వు మూసుకుంటే హాలు వెచ్చబడదు, థర్మోస్టాట్ ఏమో ఇంకా కావాలంటూ బాయిలర్‌ని తిప్పుతూనే ఉంటుంది. బాత్‌రూమ్ టవల్ రైల్‌ని (తువ్వాళ్లు ఆరేసే రేడియేటర్‌ని) కూడా తెరిచే ఉంచండి. అన్నీ ఒకేసారి మూసుకుంటే పంపు తోసే నీళ్లకి దారి ఉండొద్దూ?

ఇక డబ్బు సంగతి. ఇక్కడి గ్యాస్, కరెంటు కంపెనీలని నియంత్రించే ఆఫ్‌జెమ్ 2023లో వేసిన లెక్కలో మామూలు ఇల్లు ఏడాదికి వాడే గ్యాస్ 11,500 యూనిట్లు (కిలోవాట్ అవర్లు). ప్రైస్ క్యాప్ (ధరకి ఆఫ్‌జెమ్ పెట్టే గరిష్ఠ హద్దు) మూడు నెలలకోసారి మారుతుంది, 2025లో యూనిట్ 6, 7 పెన్స్ మధ్య ఆడింది. అంటే స్టాండింగ్ చార్జి (వాడినా వాడకపోయినా రోజూ పడేది) కాకుండా ఏడాదికి 700 పౌండ్ల పైచిలుకు. హబ్బుతో కలిపి వాల్వులకి 300 దాకా పెట్టి, పదో వంతు ఆదా చేసినా పెట్టుబడి తిరిగి రావడానికి నాలుగేళ్లు పడుతుంది.

ఈ లెక్క వేసుకుంటున్నప్పుడే మా ఇంటికి బాయిలర్ సర్వీసుకి గ్యాస్ సేఫ్ ఇంజినీరు (గ్యాస్ పనులకి రిజిస్టరైన మెకానిక్) వచ్చారు. బాయిలర్ ముందు రెండు నాబ్‌లుంటాయి. ఒకదానిమీద కుళాయి బొమ్మ, ఇంకోదానిమీద రేడియేటర్ బొమ్మ. రేడియేటర్లకి పంపే నీళ్ల వేడిని పెట్టే ఆ రెండో నాబ్ 75 డిగ్రీల దగ్గర ఉంటే ఆయన 60కి దించారు. దీనికి పైసా ఖర్చు లేదు. కారణం ఇదీ: 2005 నుంచి ఇక్కడ కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకమే. గ్యాస్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఆ ఆవిరి బాయిలర్ లోపలే చల్లబడి నీరైతే, అందులో దాగున్న వేడి కూడా మన రేడియేటర్లకే దక్కుతుంది. కానీ రేడియేటర్ల నుంచి తిరిగి వచ్చి బాయిలర్‌లో చేరే నీరు 55 డిగ్రీల లోపు ఉంటేనే ఆ పని సరిగా జరుగుతుంది. 75తో పంపితే ఇంచుమించు 55 మీదనే తిరిగొస్తుంది, ఆ వేడి కాస్తా పొగగొట్టంలోంచి ఆకాశానికి పోతుంది. నాబ్ దించాక పెరట్లోకి వెళ్లి చూశాను. బాయిలర్ నుంచి వచ్చే తెల్ల ప్లాస్టిక్ గొట్టం లోంచి నీళ్లు డ్రెయిన్‌లోకి ఇదివరకటి కంటే బాగా కారుతున్నాయి. అది చూస్తే నాకెంత సంతోషమో! ఇలా 60కి దించమనే 2022లో నెస్టా అనే సంస్థ పెద్ద ప్రచారం చేసింది, సుమారు 8 శాతం గ్యాస్ మిగులుతుందని. మన లెక్కలో అది ఏడాదికి 50 పౌండ్ల పైమాటే.

ఇంట్లో మాత్రం పంచాయితీ అయింది. అత్తయ్య రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూసి, "ఏమ్మా, ఇది కాలడం లేదేంటి? పాడైపోయిందేమో, ఎవరినైనా పిలిపించు" అన్నారు.

"పాడవలేదత్తయ్యా, మేమే వేడి తగ్గించాం. గది చూడండి, 21 ఉంది."

"గది సరేలే. చెయ్యి కాలకపోతే వెలిగినట్టు ఎలా తెలుస్తుంది?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆవిడ మంచం పక్కన ఒక చిన్న థర్మామీటర్ పెట్టాను. ఇప్పుడు దాన్ని చూసి ఆవిడే మాకు వెదర్ రిపోర్ట్ చెబుతారు.

60 పెడితే గది వెచ్చబడటానికి ఎక్కువసేపు పడుతుంది, టైమర్ ఓ అరగంట ముందుకు జరపండి. గడ్డకట్టే చలి రోజుల్లో మేం 65 చేశాం. మీ ఇంట్లో కాంబీ కాకుండా వేడినీళ్ల సిలిండర్ ఉంటే ఇంజినీరుని అడక్కుండా ముట్టుకోకండి. సిలిండర్‌లో నీళ్ల వేడి 60 కంటే తగ్గితే లీజియోనెల్లా బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. కాంబీలో ప్రీహీట్ కూడా ఆపేశాం. కుళాయి తిప్పగానే వేడినీళ్లు రావడానికి బాయిలర్ ఊరికే వెలుగుతుండటమే ప్రీహీట్. నష్టం ఒకటే, బాయిలర్ కప్‌బోర్డులో ఇదివరకు దోసెల పిండి రాత్రికి రాత్రే పొంగేది. ఇప్పుడు ఓవెన్‌లో లైట్ వేసి పెడుతున్నా.

కాబట్టి నా రేటింగ్ ఐదుకి మూడు. ఇంట్లో తలోవేళ తలో గది వాడేవాళ్లకి, ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి వాల్వులు పనికొస్తాయి. రెండు గదుల ఫ్లాట్‌కైతే దండగ, 15 పౌండ్ల మామూలు హెడ్ 3 మీద పెట్టుకుంటే సరిపోతుంది. ఎవరైనా సరే ముందు నాబ్ దించి ఒక నెల మీటరు చూసుకుని ఆ తర్వాతే కొనండి. అద్దె ఇంట్లో ఉంటే ఓనరుకి ఒక మాట చెప్పి బిగించుకోండి, తీసిన పాత హెడ్‌లు ఏ గదిదో రాసి ఒక కవర్లో దాచండి. ఖాళీ చేసేటప్పుడు అవి మళ్లీ పెట్టేసి స్మార్ట్‌వి మీవెంట తీసుకెళ్లొచ్చు.