వేదాయపాళెం పిండిమిషను: ఎండాకాలం వచ్చేలోపు తెలుసుకోవాల్సినవి

నెల్లూరు వేదాయపాళెంలో కొత్తగా కాపురం పెట్టినవాళ్ళు పాలు ఎవరు పోస్తారు, నీళ్ళ క్యాన్లు ఎవరు వేస్తారు అని అడుగుతారు. పిండిమిషను సంగతి ఎవరూ అడగరు, నేనే చెప్తాను. అయ్యప్పగుడి సెంటరు దాటి రైల్వే స్టేషను వైపు వచ్చే సందుల్లో ఒకదాంట్లో, రేకుల షెడ్డు కింద ఉండాది. బోర్డు లేదు. మామూలు రోజుల్లో మోటారు శబ్దం పట్టుకుని పోవచ్చు, ఎండాకాలమైతే కారం ఘాటుకి ముక్కే దారి చూపిస్తుంది. మాది కందుకూరు వైపు. పెళ్ళయి నెల్లూరు వచ్చినప్పటినుంచీ నాలుగు పేటల్లో అద్దెకున్నాం, ప్రతిచోటా పిండి పట్టించాను. ఇంత పద్ధతిగా పట్టే మనిషిని ఇంకెక్కడా చూడలేదు.

డబ్బా అందుకోగానే మూత తీసి, గుప్పెడు బియ్యం అరచేతిలో పోసుకుని చూస్తాడు. ఇది సాంబ మసూరి బీపీటీ 5204, ఇది మన నెల్లూరు మసూరి 34449 అని గింజ చూసే చెప్పేస్తాడు. ఆ 34449 మన నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానంలో తయారైన రకమేనని నాకు మొదట చెప్పింది కూడా ఆయనే. ఆ తర్వాత అడిగే మాట ఒకటే: ‘దేనికి పెద్దమ్మా?’

మురుకులకి అంటే రాళ్ళు దగ్గరికి బిగించి మెత్తగా పడతాడు. బియ్యపు రొట్టెలకి అంటే ఒక్క పిసరు వదులు. ధనుర్మాసంలో ముగ్గుకి అంటే బరకగా, వేళ్ళ సందుల్లోంచి ధార తెగకుండా జారేలా. ఉప్పుడు పిండికైతే రవ్వ. చంటిబిడ్డ ఉగ్గుకని చెప్తే మాత్రం ఆ పూట పట్టడు. డబ్బా లోపల దాచి, మర్నాడు పొద్దున రాళ్ళు శుభ్రం చేసుకున్నాక మొట్టమొదట వేసేది దాన్నే.

పైన గరాటులో గింజలు పోసి, పక్కన ఉండే చక్రం తిప్పుతాడు. కింద గుడ్డ గొట్టంలోంచి పిండి రాలడం మొదలవగానే కాస్త పట్టుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూస్తాడు. చక్రం పావు చుట్టు తిప్పి మళ్ళీ నలుపుతాడు. సరిపోయిందనుకున్నాకే గొట్టం కింద మన డబ్బా పెడతాడు. అందాకా పడినదంతా పక్కన తట్టలోకి పోతుంది, అది బర్రెలకి. రాళ్ళ మధ్య ముందువాళ్ళ పిండి కొంత మిగిలి ఉంటుంది కాబట్టి అట్టా చేస్తాడు. గుప్పెడు పిండి పోయిందని గొణిగేవాళ్ళు ఉండారు. నాకైతే ఆయనలో బాగా నచ్చిందే అది. వేరే పేటలో ఉన్నప్పుడు ఒకచోట మా బియ్యప్పిండిలో ఎవరిదో రాగిపిండి కలిసింది. దీపావళికి చేసిన మురుకులన్నీ బూడిద రంగుకి తిరిగాయి, చుట్టాలకి పెట్టడానికి లేకుండా పోయింది.

ఇక్కడ పూటకి ఒక వరస ఉంది. పొద్దున బియ్యం, తర్వాత గోధుమలు, ఎండ ముదిరాక రాగులు, సజ్జలు, చివర శెనగపప్పు. సున్నిపిండి తెచ్చినవాళ్ళకి రాత్రి మిషను ఆపేముందు పడతాడు, ఎందుకంటే బావంచాలు, కచ్చూరాల వాసన రాళ్ళని ఒక పట్టాన వదలదు. మీరు ఏ వేళకి పోయినా ‘ఇప్పుడు ఏం నడుస్తుండాది?’ అని అడిగి డబ్బా దించండి. ఆయన విసుక్కోడు.

వరసలో మనుషులు నిలబడరు, డబ్బాలు నిలబడతాయి. గోడవారన స్టీలు డబ్బా, పాత నూనె టిన్ను, సిమెంటు రంగు సంచీ, మూత పోయిన బకెట్టు. డబ్బా పెట్టేసి జనం కూరగాయలకి పోతారు, పిలకాయల్ని బడి బస్సు ఎక్కించి వస్తారు. ఎవరి డబ్బా ఎవరూ జరపరు. మా వీధిలో ఎవరింట్లో శుభకార్యం ఉందో నాకు ఆ గోడ దగ్గరే తెలుస్తుంది. ఒకే ఇంటి డబ్బాలు మూడు కనబడితే అమ్మాయికి సారె పెడుతుండారని అర్థం.

మొహర్రం దగ్గర పడిందంటే గోధుమల డబ్బాలు పెరుగుతాయి. దర్గామిట్టలో బారాషహీద్ దర్గా, స్వర్ణాల చెరువు, రొట్టెల పండగ. మా సందులో హిందువులూ ముస్లింలూ కూడా పోతారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఇల్లు రొట్టె, వీసా రొట్టె, ఏ కోరికుంటే ఆ రొట్టె అడిగి తీసుకుంటారు. కోరిక తీరినవాళ్ళు మరుసటేడు అదే రొట్టె తెచ్చి, అడిగినవాళ్ళకి చెరువు నీళ్ళలో నిలబడి ఇవ్వాలి. మిషను దగ్గర ఆ వారమంతా అవే మాటలు. మా పక్కింటి బీబమ్మ కొడుక్కి ఉద్యోగం వచ్చిన ఏడాది, ‘మెత్తగా పట్టు నాయనా, తీసుకునే బిడ్డకి నోట్లో కరగాల’ అని ఆయన పక్కనే నిలబడి పట్టించుకుంది. ఆ పూట వరసలో వెనక ఉన్నవాళ్ళెవరూ తొందరపెట్టలేదు.

ఇక కారం. ఈ మిషనుకి దూరం నుంచి జనం వచ్చేది దీనికోసమే. పిండి రాళ్ళకి అవతల, తడిక అడ్డం పెట్టిన గదిలో ఇనప రోకళ్ళ మిషను వేరే ఉండాది. దాన్ని నడిపేది ఆయన భార్య. ముక్కూ నోరూ కలిపి తువ్వాలు చుట్టుకుని, మోచేతుల దాకా కొబ్బరినూనె రాసుకుని కూర్చుంటుంది. రోకళ్ళు ఒకటి లేస్తే ఒకటి పడుతుంటాయి. దంచింది జల్లెడ పట్టి, పైన మిగిలిన బరక మళ్ళీ రోకళ్ళ కింద పోస్తుంది. తొందరగా తిరిగే గ్రైండరు మిషన్లలో కారం కాగిపోయి రంగు మాడుతుంది. దంచితే వేడి తక్కువ, రంగు నిలుస్తుంది. పని నిదానం మరి, కిలో మిరపకాయలు దంచేలోపు పిండి మిషను మీద నాలుగు డబ్బాలు అయిపోతాయి.

మా ఇంట్లో తేజ రకం కారానికి, బ్యాడిగి రంగుకి. రెండు పాళ్ళు తేజకి ఒక పాలు బ్యాడిగి. మిద్దె మీద బాగా ఎండబెట్టి, తొడిమలు తీసి తీసుకుపోతాను. ఆయమ్మ సంచీలో చెయ్యి పెట్టి, అడుగు నుంచి ఒక కాయ తీసి విరుస్తుంది. పైవి కాదు, అడుగువే తీస్తుంది. టక్కుమని విరిగితే వేస్తుంది. వంగిందంటే సంచీ ముడేసి మన చేతికే ఇచ్చేస్తుంది. ‘తడి ఉండాది పెద్దమ్మా, ఇంకో ఎండ చూపించి తీసకరా.’ ఎంత బతిమాలినా వేయదు. ఎర్రటి ఎండలో సంచీ మోసుకొచ్చినవాళ్ళకి కోపం వస్తుంది, నా ముందే ఒకామె నానా మాటలూ అని పోయింది. కానీ తడి కాయ దంచితే కారం ఉండలు కట్టి వానాకాలానికల్లా బూజు పడుతుంది. ఏడాది కారం పాడైతే తిట్టేది మిషనునే కదా. వచ్చే డబ్బులు వదులుకుని సంచీ తిప్పి పంపే అంగళ్ళు ఎన్ని ఉండాయి చెప్పండి?

కూరకారానికి ధనియాలు, జీలకర్ర, మెంతులు వేయించి తీసుకుపోతే కలిపి దంచుతుంది. తెల్లగడ్డలు మాత్రం రోకలి కింద పడనివ్వదు. జిగురు అంటుకుని తర్వాతవాళ్ళ కారానికి ఆ వాసన పడుతుందంటుంది. అవి ఇంటికొచ్చి రోట్లో దంచి కలుపుకోవాల్సిందే. దోశల మీదికి పూసే ఎర్రకారం ఎటూ ఎర్రగడ్డలు వేసి ఇంట్లో నూరుకునేదే కాబట్టి దానికి ఇక్కడికి రానక్కరలేదు. ఆవకాయ కోసం ఆవపిండి కూడా పడతారు, కాకపోతే ముందురోజే చెప్పాలి.

దంచిన కారం ఇంటికి తెచ్చాక వెంటనే జాడీకెత్తకండి. పేపరు మీద పలచగా ఆరబోసి, చెయ్యి పెడితే చల్లగా తగిలాకే ఎత్తండి. బియ్యప్పిండికీ అంతే. వేడి మీద మూత పెడితే లోపల చెమర్చి పిండి ముక్కిపోతుంది. తూకం కిలోకి కొంచెం తగ్గడం మామూలే, జల్లెడకీ రోకళ్ళకీ అంటుకుపోయేది ఉంటుంది. మా ఇంటి తక్కెడలో తూచుకుంటూనే ఉంటాను, అంతకు మించి తేడా ఎప్పుడూ రాలేదు.

లోట్లు లేవని చెప్పను. కూర్చోడానికి ఒక్క బల్ల లేదు, మోకాళ్ళ నొప్పులున్న ముసలాళ్ళు తిరగేసిన డబ్బా మీద కూర్చుంటుండారు. రేకుల కింద ఎండాకాలం నిలబడలేం. కారం గది ఘాటు బయటికి పోవడానికి ఫ్యాను పెట్టించలేదు, తడిక సందుల్లోంచి వచ్చి బియ్యం పట్టించుకునేవాళ్ళని కూడా దగ్గిస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్ళు మిరపకాయల కాలంలో డబ్బా వేరేవాళ్ళ చేత పంపడం మేలు. ఆయనకి ఈ మాట మొహానే చెప్పాను. ఎండాకాలం లోపు పెట్టిస్తానన్నాడు, పెట్టించాలి కూడా, ఆయమ్మ పీల్చేది రోజంతా ఆ గాలే. ఇంకొకటి, ‘అరగంట’ అని ఆయన చెప్పే మాట నమ్ముకుని పొయ్యి మీద ఏమీ పెట్టి రాకండి. కరెంటు పోయిందంటే ఆ పూటకి అంతే.

అరిగిన పిండిరాళ్ళకి గాట్లు కొట్టించిన రోజు ఏదో కనుక్కోవాలి. ఆ రోజు పిండిలో సన్నటి రాతి నలక పడే అవకాశం ఉంటుంది. ఈయన ముందు తవుడు పోసి తిప్పి, అది పారబోశాకే జనం డబ్బాలు ముట్టుకుంటాడు. అయినా నేను ఆ రోజు మాత్రం పట్టించను, ఒకరోజు ఆగుతాను.

సంక్రాంతికి అరిసెల పిండి పట్టించాలంటే ఇంకో నియమం. నానబెట్టిన బియ్యం రాళ్ళకి అంటుకుపోతుంది కాబట్టి భోగికి ముందు రెండు సాయంత్రాలు తడిపిండికే కేటాయిస్తాడు. ఆ రెండు పూటలూ పొడిపిండి పట్టడు. నీళ్ళు వంచి, గుడ్డ మీద కాసేపు ఆరబెట్టి, చేత్తో పట్టుకుంటే తడి అంటీ అంటనట్టు ఉండగా తీసుకుపోండి. నీళ్ళోడుతూ తెచ్చిన బియ్యాన్ని వెనక్కి పంపించడం నేను చూశాను.

బియ్యం, గోధుమలు కిలోకి 10 రూపాయలు, మిరపకాయలు 40. ఫోనులో డబ్బులు వేయొచ్చు. పొద్దున 8కి తీస్తారు, మధ్యాహ్నం భోజనానికి ఆపుతారు, ఆదివారం ఒంటిపూటే. డబ్బా మీద, మూత మీద కూడా పేరు రాసుకోండి, స్టీలు మూతలన్నీ ఒకేలా ఉంటాయి. కారానికి పోయేటప్పుడు పాత గుడ్డ ఒకటి తీసుకుపోండి.