పెళ్ళిగుర్రం చెవులకు, పొదుగుకు జింక్ లేపనం: కర్నూలులో వాడి చూశాక

కర్నూలులో హంద్రీ ఒడ్డుకు దగ్గరగా ఉన్న మా మేనమామ లాయంలో, పెళ్ళి ఊరేగింపులకు పంపే తెల్ల ఆడగుర్రం ఒకటి ఉంది. దానికోసం పశువుల మందుల అంగడిలో కొన్న జింక్ ఆక్సైడ్, వేపనూనె కలిసిన లేపనం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఇదే కూర్పుతో వేర్వేరు కంపెనీల డబ్బాలు దొరుకుతాయి కనుక, పేరును కాక కూర్పును చూసి కొనవలసిన సరుకు ఇది. పురుగు కుట్టిన చోట మంట, దురద తగ్గించడంలో ఇది మెచ్చుకోదగినదే. అయితే ఈగలను, దోమలను దగ్గరికే రానివ్వదని డబ్బా మీద రాసిన మాటను సగానికి మించి నమ్మనక్కరలేదు.

మా గుర్రానికి బాధంతా వానలు పడి శ్రావణ మాసపు ముహూర్తాలు మొదలయ్యే రోజుల్లోనే వస్తుంది. హంద్రీ పక్క గుంతల్లో బురద నిలవగానే క్యూలికాయిడిస్ అనే సన్న దోమలు పుట్టుకొస్తాయి. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లకు మించని ఈ పురుగులు తెల్లవారుజామున, పొద్దు గూకే వేళ ఎక్కువగా కుడతాయి. పొట్ట అడుగున నడిమి గీత వెంట, జూలు కుదుళ్ళలో, తోక మొదట్లో వాటి పని కనిపిస్తుంది. వాటి లాలాజలం కొన్ని గుర్రాలకు పడదు, అందుకే ఒకే లాయంలో ఒక గుర్రం గోడకు తోక రాచుకుని వెంట్రుకలు ఊడగొట్టుకుంటుంటే, పక్కనున్నది ఏమీ పట్టనట్టు గడ్డి మేస్తుంటుంది. పారే నీటిలో పుట్టే నల్ల ఈగలు మాత్రం పగటిపూట వచ్చి చెవుల లోపల కుడతాయి. చెవి లోపలి భాగం, పొదుగు, తొడల సందు వంటి చోట్ల తోలు పలుచన, వెంట్రుక తక్కువ. స్పిరిట్ కలిసిన స్ప్రే అక్కడ పడితే గుర్రం మంటకు ఎగిరిపడుతుంది. ఈ చోట్లకు లేపనమే తగినదని నా అభిప్రాయం.

పొట్ట అడుగున దీని పనితనం బాగుంది. ముందుగా గోరువెచ్చని నీటితో తడిపిన మెత్తని గుడ్డతో చెమట, దుమ్ము తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, పలుచగా పూయాలి. తడి మీద పూస్తే పట్టు నిలవదు, లోపల చెమ్మ ఉండిపోయి పుండు మెత్తబడుతుంది. వేపనూనె కొన్ని గుర్రాల తోలుకు పడదు కనుక, మొదటిసారి రూపాయి బిళ్ళంత మేర పూసి మరునాటి దాకా చూడడం మంచిది. మా గుర్రానికి ఉబ్బిన దద్దుర్లు కొద్ది రోజుల్లోనే అణిగి, చెక్కు కట్టిన చోట తోలు మెత్తబడింది. తెల్ల గుర్రాలకు ముట్టె మీద, కళ్ళ చుట్టూ గులాబీ రంగు తోలు ఎండకు కమిలిపోతుంది. జింక్ ఆక్సైడ్ ముట్టె మీద ఆ ఎండను కూడా అడ్డుకోవడం అదనపు లాభం. పాలు తాగే పిల్ల ఉన్న గుర్రానికి మాత్రం చనుమొనల మీద దీన్ని పూయరాదు, పిల్ల నాకే ప్రమాదం ఉంది.

చెవుల విషయంలో లేపనం కంటే చేతి నేర్పే ముఖ్యం. మామ ముందుగా మెడ మీద అరచేయి వేసి, నెమ్మదిగా జూలు మీదుగా చెవి మొదలుకు జరిపి, గుర్రం తల వంచిన తరువాతే వేలితో అంచు లోపల పూస్తాడు. చెవి మెలిపెట్టి పట్టుకుంటే మరుసటి రోజు నుంచి కళ్ళెం వేయడానికి కూడా తల అందనివ్వదు. చెవి లోపల తెల్లని పొక్కుల వంటి మచ్చలు కనిపిస్తే గోటితో గీకకూడదు, అవి నల్ల ఈగలు మోసుకొచ్చే ఒక వైరస్ వల్ల ఏర్పడతాయని పశువైద్యులు చెబుతారు. చెవి వరకే అయితే వట్టి పెట్రోలియం జెల్లీ కూడా ఈగల నోటికి అడ్డుగా బాగానే నిలుస్తుంది, అదీ చాలా తక్కువ ధరకు.

లోపాలు లేకపోలేదు. కర్నూలు ఏప్రిల్, మే ఎండలకు డబ్బాలోని నూనె పైకి తేలి, జింక్ అడుగున ముద్దకడుతుంది. పుల్లతో కలపనిదే వాడలేము. వెడల్పు మూత కావడం వల్ల లాయంలోని దుమ్ము, వెంట్రుకలు అందులో చేరతాయి. అన్నిటికంటే చిక్కు ఊరేగింపు రోజున వస్తుంది: తెల్లని జిడ్డు నీటితో పోదు, కొబ్బరినూనెలో ముంచిన దూదితో తుడవాలి, లేకపోతే జీను కింద పరిచే మఖ్మల్ గుడ్డకు అంటుకుని సబ్బుకు కూడా లొంగదు. మా మేనత్త ఈ ఒక్క కారణంతోనే ఆ డబ్బాను ఇంట్లోకి రానివ్వడం లేదు.

కుట్టకుండా చూసుకోవాలంటే డబ్బు వేరే చోట పెట్టడం మేలు. సన్న దోమలకు గాలికి ఎదురెగిరే బలం లేదు. పొద్దు గూకే ముందే గుర్రాన్ని లాయంలోకి తెచ్చి, పెద్ద ఫ్యాన్ పెడితే వచ్చే ఫలితం ఈ లేపనంతో రాదు. వైరు గుర్రానికి అందకుండా ఎత్తున కట్టాలి. మామూలు దోమతెర కన్నాల్లోంచి ఈ పురుగులు దూరిపోతాయి కనుక కిటికీలకు అంతకంటే సన్నని వల కావాలి. మూత్రంతో తడిసి కుళ్ళే గడ్డిలో కుట్టే ఈగలు గుడ్లు పెడతాయి, కాబట్టి పరుపు గడ్డిని రోజూ తీసి దూరంగా వేయాలి. పురుగులను చంపే పెర్మెత్రిన్ స్ప్రేను పిల్లులు తిరిగే లాయంలో వాడేటప్పుడు జాగ్రత్త అవసరం, వాటికి అది విషం.

అంగడివాడు దురద త్వరగా పోవాలంటే మనుషుల మందుల షాపులో దొరికే స్టెరాయిడ్ లేపనం పూయమన్నాడు. ఆ సలహాను వినవద్దు. గుర్రాల్లో స్టెరాయిడ్ గిట్టల వాపుకు దారితీసే ప్రమాదం ఉంది, డాక్టరు రాసిస్తే తప్ప వాడకూడదు. కంటి మూలలో గానీ, మగగుర్రం జననాంగం దగ్గర గానీ పుండు ఎన్నాళ్ళకూ మానక, అందులో పసుపు రంగు నూకల వంటి గింజలు కనిపిస్తే అది ఈగలు వదిలే పురుగు పిల్లల వల్ల వచ్చే పుండు కావచ్చు, లేపనం దానికి మందు కాదు. గుర్రాన్ని పశువైద్యశాలకు తీసుకువెళ్ళాలి.

కొనేవారు పెద్ద డబ్బా వద్దని, చిన్న ట్యూబు ఉంటే అదే అడగండి. ధర కాస్త ఎక్కువైనా ఎండకు విరగకుండా, దుమ్ము పడకుండా చివరి వరకు వాడుకోవచ్చు.