నాలుగు ఊళ్ల ఆఫీసులకు ఫోన్లు: ఒకే నంబరా, బ్రాంచికో నంబరా?

హైదరాబాద్‌లో హెడ్డాఫీసు, విజయవాడ, వైజాగ్, తిరుపతిలో బ్రాంచీలు. కస్టమర్ చేసిన కాల్ ఎక్కడ దిగాలి? ఇలాంటి సెటప్ ఉన్న ప్రతి ఒక్కరూ అడిగేది ఇదే. దారులు మూడున్నాయి. ఒకే నంబరు పెట్టి ‘విజయవాడకు ఒకటి నొక్కండి’ అని రికార్డింగ్‌తో (దీన్నే ఐవీఆర్ అంటారు) అనిపించడం మొదటిది. బ్రాంచికో డీఐడీ నంబరు (బయటివాళ్లు నేరుగా చేసే నంబరు) ఇచ్చి, అన్నిటినీ హెడ్డాఫీసు పీబీఎక్స్‌లో (ఆఫీసు కాల్స్‌ను పంచే సొంత ఎక్స్ఛేంజిలో) దించి పంచడం రెండోది. బ్రాంచికో పీబీఎక్స్ పెట్టి ట్రంకులతో, అంటే కాల్స్ మోసే లైన్లతో, కలపడం మూడోది. కింద చెప్పే పేర్లు ఫ్రీపీబీఎక్స్ అనే పీబీఎక్స్ సాఫ్ట్‌వేర్‌వి. వేరే సిస్టంలో పేర్లు మారినా పద్ధతి మారదు.

వీటిలో ఏది మేలో తేల్చేది ధర కాదు, ఫీచర్లూ కాదు. బ్రాంచిలో కరెంటో నెట్టో పోయినప్పుడు కాల్ గతి ఏమిటన్నదే తేలుస్తుంది.

మూడో పద్ధతిలో నంబరు బ్రాంచి పీబీఎక్స్ పెట్టెలోనే దిగుతుంది. నెట్ పోయినా ఆఫీసులో టేబుల్ నుంచి టేబుల్‌కు మాట్లాడుకోవచ్చు, బయటి కాల్ మాత్రం లోపలికి రాదు. ఆపరేటర్ వైపు ఫార్వర్డింగ్ పెట్టించకపోతే కస్టమర్‌కు దిక్కు లేదు. పైగా నాలుగు పెట్టెలకు నాలుగు బ్యాకప్‌లు, నాలుగు అప్‌డేట్లు. ఎక్స్‌టెన్షన్లు (ఆఫీసు లోపలి ఫోన్ల నంబర్లు) హైదరాబాద్‌కు 1తో, విజయవాడకు 2తో మొదలయ్యేలా ముందే విడదీయకపోతే తర్వాత ఒకదాని మీద ఒకటి పడతాయి.

రెండో పద్ధతిలో కాల్ అప్పటికే హైదరాబాద్‌లో దిగి ఉంటుంది. కాబట్టి విజయవాడ ఫోన్లు పలకకపోతే ఇంకో చోటికి మళ్లించడం మన చేతిలో పని. వరుస ఇలా పెట్టండి: ఇన్‌బౌండ్ రూట్ (ఏ నంబరుకు వచ్చిన కాల్ ఎటు పోవాలో చెప్పేది), టైం కండిషన్ (ఆఫీసు వేళలు చూసేది), బ్రాంచి రింగ్ గ్రూప్ (ఒకేసారి మోగే ఫోన్లు) 18 సెకన్లు, తర్వాత హెడ్డాఫీసు క్యూ (కాల్స్‌ను వరుసలో ఉంచేది). మన రింగ్‌టోన్ మూడు సెకన్లకోసారి వస్తుంది గనుక 18 సెకన్లంటే ఆరు రింగులు. అంతకు మించితే చాలామంది ఫోన్ పెట్టేస్తారు. హెడ్డాఫీసే పడిపోతే అన్నీ పడిపోతాయన్నది నిజమే. అందుకే అక్కడ రెండు వేర్వేరు ఆపరేటర్ల లైన్లు, యూపీఎస్ తప్పవు. నాలుగు చోట్ల ఆ ఖర్చు పెట్టడం కన్నా ఒకచోట పెట్టడం నయం.

ఇందులో ఎక్కువగా తప్పేది ఇన్‌బౌండ్ రూట్ దగ్గరే. ఆపరేటర్ నంబరును 10 అంకెలతో పంపవచ్చు, ముందు సున్నాతోనో, +91తోనో పంపవచ్చు. మీరు రాసినదానికీ వచ్చినదానికీ ఒక్క అంకె తేడా ఉన్నా రూట్ కలవదు, ‘ఈ నంబరు సర్వీసులో లేదు’ అన్న రికార్డింగ్ వినిపిస్తుంది. కస్టమర్ మీ నంబరే తీసేశారనుకుంటాడు. ఒక టెస్ట్ కాల్ చేసి లాగ్‌లో ఇన్‌వైట్ లైను (ఆపరేటర్ నుంచి కాల్ వచ్చినట్టు చూపే వరుస) చూసి, ఉన్నది ఉన్నట్టు రాయండి. డీఐడీ గడి ఖాళీగా వదిలిన రూట్ ఇంకొకటి రిసెప్షన్‌కు కట్టండి, తప్పిపోయినవన్నీ అక్కడ దొరుకుతాయి.

టైం కండిషన్ బ్రాంచికొకటి ఉండాలి. బోనాలకు హైదరాబాద్ మూస్తే విజయవాడ ఎందుకు మూగబోవాలి?

చివరి మజిలీగా మేనేజర్ మొబైల్ పెట్టేవాళ్లు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. బయటికి మళ్లిన కాల్ ట్రంకులో రెండు ఛానళ్లు తింటుంది: ఒకటి లోపలికి, ఒకటి బయటికి. మొబైల్‌లో కస్టమర్ నంబరు బదులు సాధారణంగా మీ ఆఫీసు నంబరే కనిపిస్తుంది. ఆ మొబైల్‌లో సాఫ్ట్‌ఫోన్ యాప్ (నెట్ మీద ఆఫీసు ఫోన్‌లా పనిచేసేది) పెట్టి ఎక్స్‌టెన్షన్‌గా రిజిస్టర్ చేస్తే రెండు చిక్కులూ పోతాయి.

ఒకే నంబరు, ఐవీఆర్ పద్ధతి బోర్డు మీద అందంగా ఉంటుంది. కానీ ఏ ఊరికి చేశాడో నంబరే చెబుతుంటే, మళ్లీ కస్టమర్‌నే అడగడం దేనికి? రాష్ట్రమంతా ఒకే టోల్‌ఫ్రీ ప్రచారం చేసుకునేవాళ్లకు సరిపోతుంది. అదైనా నాలుగు ఎంపికలు దాటకూడదు. నొక్కింది పట్టకపోతే ట్రంకులో డీటీఎంఎఫ్ (నొక్కిన అంకెలను పంపే పద్ధతి) ఆర్‌ఎఫ్‌సీ 4733 అనే ప్రమాణానికి పెట్టి ఉందో లేదో చూడండి. కాల్స్‌ను మొబైళ్లకు మళ్లించే వర్చువల్ నంబర్లు ఇద్దరు ముగ్గురున్న ఆఫీసుకు చాలు.

పాత 0866 ల్యాండ్‌లైన్ సంచుల మీదా బిల్లుల మీదా ఏళ్లుగా అచ్చయి ఉంటే సంగతి వేరు. నంబరు పోర్టబిలిటీ మొబైల్‌కే ఉంది, ల్యాండ్‌లైన్‌కు లేదు. ఆ లైను విజయవాడలోనే ఉంచి ఎఫ్‌ఎక్స్‌ఓ గేట్‌వేతో (ల్యాండ్‌లైన్‌ను నెట్ ఫోన్ సిస్టంకు కలిపే పెట్టెతో) హెడ్డాఫీసు పీబీఎక్స్‌కు కలపాలి. ఒక ఊరి లైనులో వచ్చిన కాల్‌ను ఇంటర్నెట్ మీదుగా మరో ఊరికి చేర్చడంపై టెలికం నిబంధనలున్నాయి, ముందే ఆపరేటర్ నుంచి రాతపూర్వకంగా తేల్చుకోండి. గేట్‌వేలో బిజీ టోన్‌ను 400 హెర్ట్జ్, 750 మిల్లీసెకన్లు మోత, 750 నిశ్శబ్దంగా పెట్టండి. లేదంటే కస్టమర్ పెట్టేసినా లైను తెరిచే ఉండి, తర్వాత చేసినవాళ్లకు బిజీ వస్తుంది. అదే లైనుకు మామూలు ప్యారలల్ ఫోన్ ఒకటి తగిలించి, సర్వర్ అందనప్పుడు గేట్‌వే లైను ఎత్తకుండా సెట్ చేయండి. నెట్ పోయిన రోజు అదైనా మోగుతుంది.

ఏది పెట్టినా అప్పగించే ముందు బ్రాంచి రౌటర్ కేబుల్ పీకి, బయటి మొబైల్ నుంచి ఆ నంబరుకు చేయండి. మొదటి నిమిషంలో ఒకసారి, మూడు నిమిషాలయ్యాక మరోసారి. ఫోన్లు లేవని సర్వర్ గమనించడానికి కాసేపు పడుతుంది కాబట్టి ఆ రెండు కాల్స్ ఒకేలా నడవకపోవచ్చు. రెండూ మనిషి గొంతు దగ్గరే ఆగాలి.